చేతిలో ఫోను – ఆరో పాఠం: స్క్రీన్ లాక్ తీసేయడం

గత పాఠంలో ఫోనుకు పిన్ పెట్టుకున్నాం. ఈసారి దాన్ని తీసేద్దాం. పెట్టమన్న నోటితోనే తీయమంటున్నాడేమిటని విసుక్కోకండి. తీయడం చేతనైతేనే లాక్ మీ చెప్పుచేతల్లో ఉన్నట్టు.

గుంటూరులో ఈ ప్రశ్న అడిగేవారికి గట్టి కారణాలే ఉంటాయి. మిర్చి యార్డులో పొద్దున్నుంచీ టిక్కీలు (మిర్చి బస్తాలు) విప్పి కాయ పట్టి చూసే గుమస్తా వేలికి కారం అంటుకుని ఉంటుంది. వేలి గీతలు చదవాల్సిన సెన్సరుకు ఆ గీతలు అందవు. నాలుగైదుసార్లు మొరాయించాక ఫోను పిన్ అడుగుతుంది. వచ్చిన కాల్ ఎత్తడానికి లాక్ తీయనక్కర్లేదు కానీ, వాట్సాప్‌లో ధర చూడాలన్నా, సరుకు ఫొటో పంపాలన్నా అది అడ్డమే. బ్రాడీపేటలో రిటైరైన మాస్టార్లది ఇంకో ఇబ్బంది. వయసుతో వేలి గీతలు అరిగిపోతాయి, పిన్ నొక్కబోతే వేలు పక్క అంకె మీద పడుతుంది.

మొదట మీ ప్రస్తుత పిన్ గానీ ప్యాటర్న్ గానీ గుర్తుందో లేదో చూసుకోండి. తీసేయడానికీ అదే కావాలి. వేలిముద్ర ఒక్కటే ఉంటే ఈ పని జరగదు.

ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్ తెరిచి సెక్యూరిటీ అనే మాట ఉన్న వరుసలోకి వెళ్లండి. అందులో ‘స్క్రీన్ లాక్’ ఉంటుంది. శామ్‌సంగ్ ఫోన్లలో ‘లాక్ స్క్రీన్’ అనే వరుసలో ‘స్క్రీన్ లాక్ టైప్’ అని, రెడ్‌మీ ఫోన్లలో ‘పాస్‌వర్డ్స్ అండ్ సెక్యూరిటీ’ కింద కనిపిస్తుంది. కంపెనీ మారితే పేరు మారుతుంది, ఒకే కంపెనీలో అప్‌డేట్ వచ్చినా మారుతుంది. ఆ తిప్పలు పడకుండా సెట్టింగ్స్ పైభాగాన ఉన్న వెతుకుడు గడిలో ‘లాక్’ అని కొట్టండి. నేనైతే అందరికీ ఈ దారే చెబుతాను.

దాన్ని నొక్కగానే పాత పిన్ అడుగుతుంది. ఇచ్చాక ప్యాటర్న్, పిన్, పాస్‌వర్డ్‌లతో పాటు ‘స్వైప్’, ‘నన్’ (ఏ లాకూ వద్దని) అనే రెండు కనిపిస్తాయి. ఈ రెండింట్లో ఏది ఎంచుకున్నా లాక్ పోయినట్టే. స్వైప్ అయితే తెరను వేలితో ఒకసారి పైకి తోయాలి. నన్ అయితే పక్క బటన్ నొక్కగానే ఫోను నేరుగా తెరుచుకుంటుంది. స్వైప్ తీసుకోండి. చొక్కా జేబులో ఉన్న ఫోనుకు బటన్ నొక్కుకుపోతే, నన్ పెట్టుకున్నవారి ఫోను తనంతట తానే వియ్యంకుడికి కాల్ చేస్తుంది. చివర్లో రక్షణ పోతుందని హెచ్చరిక వస్తుంది. ఒప్పుకుంటే పని పూర్తవుతుంది.

ఐఫోనులో సెట్టింగ్స్‌లో ‘ఫేస్ ఐడీ అండ్ పాస్‌కోడ్’ తెరవండి. కింద గుండ్రటి బటన్ ఉన్న ఐఫోనైతే అక్కడ ‘టచ్ ఐడీ’ అని ఉంటుంది. పాస్‌కోడ్ ఇచ్చి, కిందికి వెళ్లి ‘టర్న్ పాస్‌కోడ్ ఆఫ్’ నొక్కాలి. 2024 జనవరిలో వచ్చిన 17.3 వెర్షన్ నుంచి ఐఫోనులో దొంగిలించిన ఫోనుకు రక్షణ అనే ఏర్పాటు ఉంది. అది ఆన్ చేసి ఉంటే, మీరు రోజూ ఉండే చోటుకు దూరంగా ఉన్నప్పుడు పాస్‌కోడ్ మార్చడం లాంటి పనులకు ముఖం చూపించమని, ఆపైన గంట ఆగమని అంటుంది. కాబట్టి ఐఫోను మార్పులేవైనా ఇంట్లో కూర్చుని చేసుకోండి.

కొందరికి స్వైప్, నన్ వెలిసిపోయి ఎంత నొక్కినా కదలవు. ఫోను పాడవలేదు. ఆఫీసు మెయిల్‌నో ఆఫీసు యాప్‌నో ఫోనులో పెట్టినప్పుడు లాక్ తప్పనిసరి అనే షరతుకు మీరు ఒప్పుకుని ఉంటారు. సెట్టింగ్స్‌లో ‘డివైస్ అడ్మిన్ యాప్స్’ అని వెతికి చూస్తే ఎవరు పట్టుకున్నారో తెలుస్తుంది. అది ఆఫీసు పనికి కావలసిందే అయితే వదిలేయండి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. లాక్ తీస్తే దాంతోపాటు ఏమేమి పోతాయి?

చాలా ఫోన్లలో దాచుకున్న వేలిముద్రలు చెరిగిపోతాయి. రేపు మనసు మారి మళ్లీ పిన్ పెట్టుకుంటే వేళ్లన్నీ మళ్లీ నమోదు చేయాలి. బ్యాంకు యాప్‌లు, డబ్బు పంపే యాప్‌లు చాలావరకు ఫోను లాక్‌నే తమ తలుపుకూ వాడుకుంటాయి. అది లేకపోతే కొన్ని తెరుచుకోవు, కొన్ని వేరే పిన్ పెట్టమంటాయి.

‘యూపీఐ పిన్ వేరే ఉంది కదా, డబ్బెలా పోతుంది?’ అని నన్ను అడగని విద్యార్థి లేడు. నిజమే, ఆ పిన్ వేరు. కానీ యూపీఐ లైట్ పెట్టుకున్నవారు చూసుకోండి. అందులో చిన్న చెల్లింపులకు పిన్ అడగదు. 2024లో రిజర్వ్ బ్యాంకు దాని పరిమితిని ఒక్కో చెల్లింపుకు 1,000 రూపాయలకు, అందులో ఉంచుకోగల మొత్తాన్ని 5,000 రూపాయలకు పెంచింది. ఇక యూపీఐ పిన్‌ను కొత్తగా పెట్టుకోవడానికి డెబిట్ కార్డు మీది చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఫోనుకు వచ్చే ఓటీపీ ఉంటే చాలావరకు పని జరిగిపోతుంది. ఫోను కవరు వెనక డెబిట్ కార్డు దోపుకునే అలవాటు మన ఊళ్లో ఎంతమందికి ఉందో మీకూ తెలుసు. లాక్ లేని ఫోను, దాని వీపున కార్డు... ఈ రెండూ కలిపి బస్సులో జారవిడిచారంటే దొరికినవాడికి మీరే అన్నీ అప్పగించినట్టు. ఈ పాఠంలో ఇంకేమీ చేయకపోయినా సరే, ముందు ఆ కార్డును కవరులోంచి తీసి పర్సులో పెట్టండి.

కాబట్టి నా లెక్క ఇది. సిమ్ తీసేసి, డబ్బు యాప్‌లూ గూగుల్ ఖాతా కూడా తీసేసి, మనవడికి బొమ్మల కోసం ఇచ్చిన పాత ఫోనుకు లాక్ అక్కర్లేదు. బ్యాంకుకు ఇచ్చిన నంబరున్న ఫోనుకు మాత్రం తీయకండి, ముఖ్యంగా విజయవాడ బస్టాండులో రోజూ బస్సు మారేవారు అసలు తీయకండి.

మరి కారం చేతుల గుమస్తా సంగతి? ఆయనకు కావలసింది లాక్ లేకపోవడం కాదు, మాటిమాటికీ అడగకపోవడం. దానికి వేరే మార్గాలున్నాయి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో తెర ఆరిపోయే సమయాన్ని 30 సెకన్ల నుంచి 5 నిమిషాలకో 10 నిమిషాలకో పెంచండి. బ్యాటరీ కొంచెం ఎక్కువ తాగుతుంది, భరించవచ్చు. తెర ఆరిన వెంటనే కాకుండా కొంతసేపయ్యాక లాక్ పడేలా చేసే ఏర్పాటు కూడా లాక్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. కారం అంటని ఎడమచేతి చిటికెనవేలిని నమోదు చేయండి. వేలి గీతలు అరిగినవారు ఒకే వేలిని రెండుసార్లు నమోదు చేస్తే సెన్సరు పట్టుకునే అవకాశం పెరుగుతుంది.

ఆండ్రాయిడ్‌లో ‘ఎక్స్‌టెండ్ అన్‌లాక్’ అని ఒకటుంది, పాత ఫోన్లలో దాని పేరు ‘స్మార్ట్ లాక్’. మీరు చెప్పిన చోట గానీ, మీ బ్లూటూత్ వాచీ దగ్గరలో ఉన్నప్పుడు గానీ, ఒకసారి తెరిచిన ఫోను మళ్లీ పిన్ అడగకుండా ఉంటుంది. నాలుగు గంటలు ముట్టుకోకపోయినా, ఆపి ఆన్ చేసినా మళ్లీ అడుగుతుంది. ఇంటిని ఇలా నమ్మకమైన చోటుగా పెట్టుకునేవారు ఒకటి గమనించాలి: ఫోను లెక్కలో ఇల్లు గోడల దగ్గర ఆగదు. ఇరుకు లైన్లలో పక్కింటి వరండా కూడా మీ ఇంట్లోకే వస్తుంది. వాచీ దారి మెరుగు, వాచీని ఫోను పక్కనే వదిలేయకపోతే.

పిన్ మరిచిపోయినవారికి ఈ పాఠం పనికిరాదు. ఆండ్రాయిడ్ 4.4 వరకు గూగుల్ ఖాతా వివరాలిచ్చి ప్యాటర్న్ దాటే వీలుండేది, 5.0 నుంచి అది లేదు. సాధారణంగా ఫోనును పూర్తిగా చెరిపేయడమే మిగిలిన దారి. చెరిపాక కూడా పాత గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది. అందుకే పిన్‌ను ఇంట్లో ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, ఫోను కవరులో మాత్రం కాదు.

అభ్యాసం: ఈ వారం స్వైప్ ఒకసారి పెట్టి, వెంటనే మళ్లీ పిన్ పెట్టి, వేళ్లు నమోదు చేయండి. తర్వాత తెర సమయం మార్చి రెండు రోజులు వాడి చూడండి. డబ్బు యాప్‌లలో ఏది మళ్లీ లాగిన్ అడిగిందో రాసి పెట్టుకోండి.

వచ్చే పాఠం సిమ్ లాక్. స్క్రీన్ లాక్‌కూ దానికీ సంబంధం లేదు. అందులో పిన్ మూడుసార్లు తప్పితే పీయూకే అనే ఇంకో కోడ్ అడుగుతుంది, అది పదిసార్లు తప్పితే సిమ్ ఇక పనిచేయదు. అందుకని సెట్టింగ్స్‌లో తిరిగేటప్పుడు ‘సిమ్ లాక్’ కనిపించినా వచ్చే వారం దాకా దాన్ని ముట్టుకోకండి.