‘రెబెక్కా’ సినిమాను రెండుసార్లు ఎలా చూడాలి

పేదింటి పిల్ల పెద్దింటి కోడలయ్యే కథలు మనకు కొత్తేం కాదు. తలుపుల ఎత్తుతో, భోజనాల బల్ల పొడవుతో, రుమాలు మీద కుట్టిన ఒక్క అక్షరంతో ఆ కథ చెప్పిన సినిమా హిచ్‌కాక్ 1940లో తీసిన ‘రెబెక్కా’. కథ కోసం ఒకసారి, ఇల్లు చూడటానికి ఇంకోసారి కూర్చోవాల్సిందే.

ముందు టీవీ సంగతి. ఈ సినిమా ఫ్రేము దాదాపు చదరంగా, 1.37:1లో ఉంటుంది. పక్కల నల్లపట్టీలు నచ్చక ‘జూమ్’ నొక్కితే పైనా కిందా కలిపి నాలుగో వంతు బొమ్మ పోతుంది. పోయేది ఎత్తే. ఈ సినిమాకు ఎత్తే ప్రాణం. పిక్చర్ సైజు ‘ఒరిజినల్’లో పెట్టండి, మోషన్ స్మూతింగ్ (కదలికల్ని నున్నగా చేసే టీవీ సెట్టింగ్) ఆపేయండి, గదిలో లైట్లు తీసేయండి. వెలుతురులో చూస్తే ఆ ఇంటి పెత్తనం చూసే పనిమనిషి మిసెస్ డాన్వర్స్ నల్లబట్టలు నీడలో కలిసిపోతాయి. జార్జ్ బార్న్స్‌కు ఛాయాగ్రహణంలో ఆస్కార్ వచ్చింది ఆ నీడలకే మరి.

మొదటిసారి 130 నిమిషాలూ ఆపకుండా చూడండి. కథానాయిక పేరు ఎక్కడో వదిలేశామేమోనని వెనక్కి తిప్పకండి, ఆమెకు పేరే పెట్టలేదు. ఇక ఈ కింది భాగం సినిమా చూశాకే చదవండి, కథ తెలిసిపోతుంది.

రెండోసారి కాగితం, పెన్ను పెట్టుకోండి. చనిపోయిన మొదటి భార్య రెబెక్కా గుర్తు ‘ఆర్’ అక్షరం కనబడినప్పుడల్లా ఆపి, అప్పుడు కథానాయికగా వేసిన జోన్ ఫాంటేన్ చేతులు ఏం చేస్తున్నాయో రాయండి. రుమాలు, చిరునామాల పుస్తకం, దిండు గలీబు దొరుకుతాయి. చాలామంది ముఖమే చూస్తారు, కంగారంతా ముందు చేతుల్లోనే తెలుస్తుంది. మాంటెకార్లో హోటల్లో పూలకుండీ ఒలకబోస్తుంది, భర్త బంగళా మాండర్లీలో అడుగుపెడుతూనే గ్లవ్స్ జారవిడుస్తుంది, తర్వాత పింగాణీ బొమ్మ పగలగొట్టి ముక్కల్ని సొరుగులో దాస్తుంది. ఇంటి యజమానురాలు తన ఇంట్లో బొమ్మ పగిలితే దాచుకోవడమేంటి? ఆ భయం పట్టుకుంటే సినిమా సగం అర్థమైనట్టే.

డాన్వర్స్ వచ్చే సన్నివేశాల్లో ఒకటి శబ్దం తీసేసి చూడండి. ఆమె నడిచి రావడం దాదాపు కనిపించదు. తల తిప్పేసరికి పక్కన ఉంటుంది. హిచ్‌కాక్ కావాలనే అలా తీశాడు.

పడవగదిలో భర్త మాక్సిమ్‌గా వేసిన లారెన్స్ ఒలివియర్, రెబెక్కా ఎలా చనిపోయిందో నిజం చెప్పేటప్పుడు మాత్రం మనిషిని వదిలి కెమెరాను పట్టుకోండి. చనిపోయిన రెబెక్కా లేచి నడిచినట్టుగా ఖాళీ జాగాలో కెమెరా కదులుతుంది. ఫ్లాష్‌బ్యాక్ లేకుండా, లేని మనిషిని చూపించడమంటే ఇదీ!

ఆ నిజం దగ్గరే డాఫ్నే డ్యూ మారియే 1938 నవల వేరు. నవల్లో మాక్సిమ్ రెబెక్కాను కాల్చి చంపుతాడు. భార్యను చంపినవాడికి శిక్ష పడకపోతే అప్పటి హాలీవుడ్ నియమావళి ఒప్పుకోదు కాబట్టి, సినిమాలో ఆమె పడి, తలకు దెబ్బ తగిలి చనిపోతుంది. నాకైతే నవల్లో ఉన్నదే నిజాయితీగా అనిపిస్తుంది.

ఓపికుంటే ఇదే కథతో హిందీలో వచ్చిన ‘కోహ్రా’ (1964) కూడా చూడండి. అందులో కొత్త కోడలు మన ‘రోజులు మారాయి’ ఏరువాక పాటలో ఆడిన వహీదా రెహమాన్. డాన్వర్స్ తరహా పాత్ర లలితా పవార్‌ది. ఇద్దరూ ఒకే గదిలో ఉన్న సన్నివేశాన్ని ఎంచుకుని, పాత సినిమాలోని అలాంటి సన్నివేశం పక్కన పెట్టి పోల్చండి.