సుద్దముక్కతో నైట్ ఫైటర్ రాడార్ నేర్పడం ఎలా?

రాడార్ పాఠాన్ని సమీకరణాలతో మొదలుపెడితే మా పాలిటెక్నిక్‌లో వెనక బెంచీ కునుకు తీస్తుంది. అందుకే నేను 1940 నాటి బ్రిటిష్ నైట్ ఫైటర్ (రాత్రిపూట శత్రు విమానాలను వేటాడే యుద్ధ విమానం) బ్యూఫైటర్‌తో మొదలుపెడతాను. బోర్డు, సుద్దముక్క, ఇద్దరు పిల్లలు ఉంటే చాలు.

బోర్డు మీద రెండు వృత్తాలు గీయండి. అవి ఆ విమానంలోని ఏఐ (ఎయిర్‌బోర్న్ ఇంటర్‌సెప్షన్, అంటే గాల్లో శత్రువును అడ్డగించడం) మార్క్ 4 రాడార్ తెరలు. ఒకదాంట్లో నిలువు గీత, రెండోదాంట్లో అడ్డగీత. నిలువు గీత అడుగున మన విమానం ఉన్నట్టు. పైకి పోయేకొద్దీ దూరం. శత్రు విమానం గీతకు రెండు పక్కలా పొడుచుకొచ్చిన గుబ్బలా కనిపిస్తుంది. ఎడమవైపు ఎక్కువ పొడుచుకొస్తే ఎడమకు తిరగాలి. రెండు రెక్కల మీది యాంటెన్నాల్లో ఎటువైపు సిగ్నల్ గట్టిగా అందితే గుబ్బ అటు సాగుతుంది, అంతే కిటుకు. అడ్డగీతదీ ఇదే పద్ధతి, కాకపోతే అది పైన ఉన్నాడా కింద ఉన్నాడా చెబుతుంది.

అసలు తలనొప్పి నేలతో. రాడార్ పంపిన రేడియో తరంగం నేలను తాకి కూడా తిరిగొస్తుంది. విమానం 15,000 అడుగుల ఎత్తులో ఉందనుకోండి. పిల్లలతోనే లెక్క వేయించండి: రానూపోనూ కలిపి మైక్రోసెకనుకు 150 మీటర్ల దూరం. నేల ప్రతిధ్వని దాదాపు 30 మైక్రోసెకన్లకు వస్తుంది. గీత మీద ఆ చోట సుద్దతో దట్టంగా రుద్దేయండి. దాని అవతల ఏమున్నా కనబడదు, వేటంతా 4.5 కిలోమీటర్ల లోపే. అందుకే 1941 జనవరి నుంచి నేల మీది రాడార్ కేంద్రాలు పైలట్‌ను శత్రువు వెనక్కి చేర్చి వదిలేవి.

ఇక ఆట. ఇద్దరు పిల్లల్లో ఒకరు పైలట్, ఇంకొకరు రాడార్ ఆపరేటర్. పైలట్‌ను బోర్డుకు వీపు పెట్టి కూర్చోబెట్టండి. ఆపరేటర్ తెర చూసి చెప్పాలి: “కొంచెం ఎడమకు... నేరుగా పో... 3,000 అడుగులు... స్పీడు తగ్గించు.” మీరు గుబ్బను చెరిపి కిందికి జరుపుతూ ఉండండి. కుర్రాళ్లు టెన్షన్‌లో దిక్కు చెబుతూ దూరం మరిచిపోతారు. నా దగ్గర దానికి మార్కు కట్. ఎందుకంటే 400 అడుగుల లోపు మార్క్ 4 గుడ్డిది. తను పంపే సొంత పల్సే (క్షణకాలపు రేడియో తరంగం) ప్రతిధ్వనిని మింగేస్తుంది. జోరుగా వస్తే శత్రువును దాటేసి వాడి ముందుకే పోతాం. వెనక నుంచి, కాస్త కింద నుంచి, నెమ్మదిగా దగ్గరవ్వాలి. అప్పుడే ఆకాశం మీద వాడి నీడో, ఇంజిన్ పొగగొట్టాల మంటో పైలట్ కంటికి ఆనుతుంది.

1940 నవంబర్‌లో బ్రిటిష్ పైలట్ జాన్ కన్నింగ్‌హామ్ ఒక జర్మన్ బాంబర్ జంకర్స్ 88ని కూల్చింది ఈ రాడార్ సాయంతోనే. రహస్యం దాచడానికి క్యారెట్లు తిని చీకట్లో చూస్తున్నాడని ప్రచారం చేశారు. ఈ ముక్క చెబితే క్లాసు లేచి కూర్చుంటుంది.

ఆట పట్టుబడ్డాక ఇదే వరసలో తర్వాత వచ్చిన రాడార్ మార్క్ 8కు వెళ్లండి. 10 సెంటీమీటర్ల తరంగం, ముక్కులో తిరిగే డిష్, ఒకే తెర. అందులో శత్రువు వంపుగీతలా కనిపిస్తాడు. సూటిగా ఎదురుగా ఉంటే నిండు వలయం గీయాలి.