గాజువాక పిన్‌కోడ్‌తో పెద్ద సంఖ్యని విడగొడదాం

విశాఖలోని ద్వారకానగర్‌లో కోచింగ్‌కి వెళ్లే పిల్లలు చాలామంది ఆరంకెల సంఖ్య కనబడితే చాలు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసేస్తారు. పరీక్ష హాల్లో ఫోన్ ఉండదు కదా! చేత్తో ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడం వస్తే ఆ టెన్షనే ఉండదు. గాజువాక పిన్‌కోడ్ 530026 తీసుకోండి, నేర్చుకోడానికి ఇంతకన్నా మంచి సంఖ్య నాకు తెలిసి దొరకదు.

చివర 6 ఉంది కాబట్టి 2తో పోతుంది, 265013 వస్తుంది. అంకెల మొత్తం 16, అంటే 3తో పోదు. 5 సంగతి చూడగానే తెలుస్తుంది.

అందరూ ఆగిపోయేది 7, 11, 13 దగ్గరే. ఇక్కడ ఒక్క విషయం గుర్తుంచుకోండి: 7 × 11 × 13 = 1001. అసలు సంఖ్యని కుడివైపు నుంచి మూడేసి అంకెలుగా కోసి, 530లోంచి 026 తీసేయండి, 504 వస్తుంది. 504 అంటే 7 × 72, కాబట్టి 7తో పోతుంది. 504 అటు 11తోనూ ఇటు 13తోనూ పోదు కాబట్టి ఆ రెండూ అవుట్. ఒక్క తీసివేతతో మూడు పరీక్షలూ అయిపోయాయి! ఎందుకు పనిచేస్తుందంటే, 1000 అనేది 1001 కన్నా ఒకటి తక్కువ, అంటే 530 వేలు అన్నా 1001 × 530లోంచి 530 తీసేసినా ఒకటే. 1001 × 530 ఎలాగూ 7, 11, 13 మూడింటితోనూ పోతుంది, కాబట్టి 530కీ 026కీ ఉన్న తేడా చూస్తే చాలు. ఇంకా పొడుగు సంఖ్యైతే మూడంకెల ముక్కల్ని ఒకటి విడిచి ఒకటి కూడుతూ, తీసేస్తూ పోవాలి.

265013ని 7తో భాగిస్తే 37859. ఇక అసలు సంఖ్యని మర్చిపోండి, చేతిలో ఉన్న చిన్నదాంతోనే పని. మళ్లీ 7 పోతుందా? 3 మిగులుతుంది, పోదు. 17తో పోతుంది, 2227. వెంటనే 19కి దూకొద్దు, 17నే ఇంకోసారి వేసి చూడండి, 131 వస్తుంది. చాలామంది జారేది ఇక్కడే. 12 × 12 = 144, 131ని దాటేసింది కాబట్టి 11 వరకు చూస్తే చాలు, వాటిలో ఏదీ మిగల్లేదని ముందే తేలింది. 131 ప్రధాన సంఖ్యే.

530026 = 2 × 7 × 17² × 131

ఇది చేతికొచ్చాక మిగతా లెక్కలు చకచకా అయిపోతాయి. ఒక్కో ఘాతానికి ఒకటి కలిపి గుణిస్తే 2 × 2 × 3 × 2, మొత్తం 24 కారణాంకాలు. ఏ కనిష్ఠ సంఖ్యతో గుణిస్తే వర్గ సంఖ్య అవుతుంది అని అడిగితే, జత లేనివి 2, 7, 131, వాటి లబ్ధం 1834. ద్వారకానగర్ పిన్‌కోడ్ 530016తో గసాభా (రెండింటినీ భాగించే అతిపెద్ద సంఖ్య) కావాలంటే విడగొట్టక్కర్లేదు కూడా: రెండింటి తేడా 10, గసాభా ఆ 10ని భాగించి తీరాలి, రెండూ సరి సంఖ్యలే, 5తో ఏదీ పోదు, కాబట్టి జవాబు 2.

పన్నెండంకెలది ప్రయత్నిస్తారా? అదే పిన్‌కోడ్‌ని పక్కపక్కన రెండుసార్లు రాయండి, 530026530026. ఇది 530026 × 1000001, అందులో 1000001 అంటే 101 × 9901, రెండూ ప్రధాన సంఖ్యలే. కారణాంకాలు 24 × 4, అంటే 96.