పెట్రోలు కారుకు ఎల్‌పీజీ కిట్టు ఎలా పెట్టించుకోవాలి?

బెంగళూరులో ఆటో ఎక్కేవారికి ఎల్‌పీజీ కొత్త విషయం కాదు. గ్యాసు బంకుల ముందు పచ్చ, పసుపు రంగుల ఆటోలు బారులు తీరి ఉండటం మనం చూస్తూనే ఉంటాం. అయితే సొంత కారుకు గ్యాసు పెట్టించాలనుకున్న వారెవరైనా ముందుగా అడిగేది "మొత్తం ఎంతవుతుంది?" అనే. నా అనుభవంలో అది రెండో ప్రశ్న కావాలి. ఈ ఇంజను గ్యాసుకు తగిన స్థితిలో ఉందా అన్నది మొదటిది, బిగించబోయే కిట్టుకు ఈ మోడలు బండి మీద ఆమోదం ఉందా అన్నది మూడోది. ఈ వరుస తప్పి ముందు కిట్టు బిగించుకుని, తర్వాత కాగితాల కోసం తిరిగినవారు డబ్బూ, మనశ్శాంతీ రెండూ పోగొట్టుకోవడం దగ్గర నుంచి చూశాను.

అసలు విషయంలోకి వెళ్లే ముందు ఒక హెచ్చరిక. వంటింటి సిలిండరును కారు డిక్కీలో పెట్టి నడపడం చట్టరీత్యా నేరం, దానికి మించి ప్రాణాంతకం. వాహనాల కోసం చేసిన ట్యాంకులో 80 శాతం నిండగానే గ్యాసును ఆపే ఏర్పాటు, గొట్టం తెగితే ప్రవాహాన్ని అడ్డుకునే వాల్వు, పీడనం హద్దు దాటితే వదిలే వాల్వు ఉంటాయి. వంట సిలిండరు మీద ఇవన్నీ ఉండవు.

మొదటి పని: ఇంజను పరీక్ష

ఎల్‌పీజీ అంటే ప్రధానంగా ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమం. దాని ఆక్టేను విలువ, అంటే ఇంజనులో వేళ కాని వేళ అంటుకోకుండా ఓర్చుకునే గుణం, పెట్రోలు కంటే ఎక్కువ కాబట్టి అది ఇంజనుకు సరిపడే ఇంధనమే. కానీ ఇంజనులో ఇప్పటికే ఉన్న లోపాలను గ్యాసు దాచిపెట్టదు. పెట్రోలు మీద ఏదోలా నెట్టుకొచ్చిన పాత స్పార్క్ ప్లగ్గులు, చీలిన హైటెన్షన్ తీగలు, బలహీనపడిన ఇగ్నిషన్ కాయిలు గ్యాసు మీదకు రాగానే మిస్సింగ్ రూపంలో బయటపడతాయి. ఇంజనుకు వెళ్లే గాలిలోనే గ్యాసును కలిపే పాత మిక్సరు రకం కిట్టు ఉన్న బండిలో అయితే, మంట వెనక్కి తన్ని (బ్యాక్‌ఫైర్) ఎయిర్ ఫిల్టరు డబ్బా పగిలే ప్రమాదం కూడా ఉంది. అందుచేత కిట్టు మాట ఎత్తక ముందే నమ్మకమైన మెకానిక్కు చేత కంప్రెషన్ పరీక్ష (ఇంజను లోపలి ఒత్తిడి సరిగా నిలుస్తోందో చూసేది) చేయించి, ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు మార్పించి, కూలెంటు ఎక్కడైనా కారుతోందేమో చూడమనాలి. కూలెంటుకు గ్యాసుతో ఏం సంబంధమని అనిపించవచ్చు. ట్యాంకులోంచి ద్రవంగా వచ్చిన గ్యాసు ఆవిరిగా మారేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. గ్యాసును ఇలా ఆవిరిగా మార్చే భాగమైన రెడ్యూసరుకు ఆ వేడిని అందించేది ఇంజను కూలెంటే. అది తగ్గితే రెడ్యూసరు మంచుకట్టినట్టు చల్లబడి బండి ఆగిపోతుంది.

ఇంజనులో కంప్రెషన్ తక్కువగా ఉన్నా, నూనె తాగుతున్నా ముందు ఆ మరమ్మతు చేయించండి, లేదా గ్యాసు ఆలోచన మానుకోండి. పెట్రోలును నేరుగా ఇంజను సిలిండరులోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లకు మామూలు కిట్లు నప్పవు.

రెండో పని: లెక్క

ఒక లీటరు ఎల్‌పీజీలో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నంత ఉండదు కాబట్టి మైలేజీ సుమారు 15 నుంచి 25 శాతం వరకు తగ్గుతుంది. ఉదాహరణకు పెట్రోలు లీటరు 100 రూపాయలు, మీ బండి లీటరుకు 14 కిలోమీటర్లు, గ్యాసు లీటరు 60 రూపాయలు, దాని మీద 11.5 కిలోమీటర్లు అనుకుందాం. అప్పుడు కిలోమీటరు ఖర్చు పెట్రోలు మీద 7.14 రూపాయలు, గ్యాసు మీద 5.22 రూపాయలు, అంటే మిగులు 1.92 రూపాయలు. కిట్టుకు, కాగితాలకు కలిపి 40,000 రూపాయలు అయితే, ఆ సొమ్ము తిరిగి రావడానికి దాదాపు 20,800 కిలోమీటర్లు నడపాలి. ఇవి వరుస అర్థం కావడానికి వేసిన అంకెలు మాత్రమే. మీ బంకు బిల్లులోని ధరలు, మీ బండి మైలేజీ పెట్టి మళ్లీ లెక్క వేసుకోండి. ఇంటి నుంచి ఐటీ పార్కుకు వారానికి మూడు రోజులు మాత్రమే వెళ్లివచ్చేవారికి ఇది లాభం కాకపోవచ్చు. వారాంతాల్లో కోలారు, ముళబాగిలు, పలమనేరు మీదుగా చిత్తూరుకో, బాగేపల్లి మీదుగా అనంతపురానికో తరచూ పోయివచ్చేవారికి తొందరగానే గిట్టుబాటు అవుతుంది. అయితే ఆ దారిలో ఎల్‌పీజీ బంకులు ఎక్కడెక్కడ ఉన్నాయో, అవి నిజంగా నడుస్తున్నాయో ముందే కనుక్కోవాలి.

మూడో పని: ఆమోదం, కాగితాలు

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో నమోదైన వివరాలు మారేలా బండిలో ఇష్టం వచ్చిన మార్పులు చేయించకూడదు. ఇంధనం రకం ఆ వివరాల్లో ఒకటి. ఆమోదం పొందిన కిట్టుతో ఇంధన మార్పిడికి మాత్రం చట్టం దారి ఇచ్చింది. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి పరీక్షా సంస్థలు కిట్ల నమూనాను పరీక్షించి టైప్ అప్రూవల్ అనే ఆమోదం ఇస్తాయి. ఆ ఆమోదానికి గడువు ఉంటుంది, అది వర్తించే వాహనాలకూ హద్దులు ఉంటాయి. కాబట్టి "ఇది అప్రూవ్డ్ కిట్టే" అనే నోటి మాటతో సరిపెట్టుకోకుండా, ఆమోద పత్రం నకలు అడిగి, అందులో మీ బండి ఉద్గార ప్రమాణం, ఇంజను సామర్థ్యం కవర్ అవుతున్నాయో లేదో, పత్రం గడువు ఇంకా ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. బీఎస్-6 ఉద్గార ప్రమాణం ఉన్న పెట్రోలు బండ్లకు ఇలాంటి కిట్లు అమర్చడానికి కేంద్రం 2022లో నోటిఫికేషన్ ద్వారా వీలు కల్పించింది.

మన తెలుగువారిలో చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. ఉద్యోగం బెంగళూరులో, బండి నంబరు ఆంధ్రదో తెలంగాణదో అయి ఉంటుంది. వేరే రాష్ట్రంలో నమోదైన బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే కొత్త నంబరు తీసుకోవాలని చట్టం చెబుతోంది. ఆ పని ముందు పూర్తి చేసుకుని, కర్ణాటక నంబరు వచ్చిన తర్వాత ఇంధన మార్పిడికి వెళ్లడం మేలు. రెండు దరఖాస్తులు ఒకదానితో ఒకటి ముడిపడితే ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగడం రెట్టింపవుతుంది. బండి మీద బ్యాంకు రుణం ఉంటే బ్యాంకు అంగీకార పత్రం కూడా సిద్ధం చేసుకోండి.

నాలుగో పని: బిగింపు

ఇప్పుడు వాడుకలో ఉన్న ఇంజెక్షన్ బండ్లకు, ఇంజనులోని ఒక్కో సిలిండరుకు విడివిడిగా వరుసలో గ్యాసు చిమ్మే సీక్వెన్షియల్ కిట్టు సరైనది. ముందు చెప్పిన వాల్వులన్నీ ఒకేచోట ఉండే, ట్యాంకు మీది మల్టీవాల్వు నుంచి గ్యాసు ద్రవరూపంలో రాగి గొట్టం గుండా బండి కింది నుంచి ముందుకు వచ్చి, కరెంటుతో తెరుచుకుని మూసుకునే సోలినాయిడ్ వాల్వు దాటి, రెడ్యూసరులో ఆవిరై, ఫిల్టరు మీదుగా గ్యాసు ఇంజెక్టర్లకు చేరుతుంది. పెట్రోలు ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకోవాలో బండి కంప్యూటరు లెక్కించిన దాన్నే గ్యాసు ఈసీయూ (కిట్టుతో వచ్చే చిన్న కంప్యూటరు) చదివి తన ఇంజెక్టర్లను నడుపుతుంది. రెడ్యూసరుకు వేడి కావాలి కాబట్టి బండి మొదట పెట్రోలు మీద స్టార్టయి, కూలెంటు తగినంత వేడెక్కాకే గ్యాసుకు మారుతుంది.

పని జరిగేటప్పుడు పక్కన ఉండి చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ట్యాంకు మీది ప్లేటులో తయారీ తేదీ, పరీక్ష తేదీ, లీటర్ల సామర్థ్యం, సీరియల్ నంబరు చదివి ఫొటో తీసుకోండి. ఆ నంబరే మీ పత్రాల్లోనూ ఉండాలి. స్టెప్నీ గుంటలో కూర్చునే గుండ్రని ట్యాంకు పెడితే డిక్కీలో చోటు మిగులుతుంది, కానీ స్టెప్నీని విడిగా కదలకుండా కట్టాలి. మల్టీవాల్వును కప్పే గాలిచొరని డబ్బా నుంచి బయలుదేరే లావుపాటి గొట్టం నేల రంధ్రం గుండా బండి బయటికి తెరుచుకోవాలి.

ఈ చివరి మాట నొక్కి చెప్పడానికి కారణం ఉంది. నేను మొదటిసారి కిట్టు పెట్టించినప్పుడు ఆ గొట్టాన్ని కార్పెటు కిందే వదిలేశారు. మూడో రోజు కృష్ణరాజపురం దాటుతుండగా వెనుక సీట్లో ఉన్న మా అత్తగారు "ఏమయ్యా, కుళ్లిన కోడిగుడ్డు వాసనేమిటి?" అన్నారు. బండి పక్కకు ఆపి, తలుపులన్నీ తెరిచి, మల్టీవాల్వు మీది కుళాయి కట్టేశాం. తర్వాత మరో మెకానిక్కు అన్ని జాయింట్లకూ బ్రష్షుతో సబ్బు నురుగు పూశాడు. రాగి గొట్టం నట్టు దగ్గర చిన్న బుడగ ఒకటి పుట్టి, బఠాణీ గింజంత పెరిగి, చిట్లి, మళ్లీ పుట్టింది. లీకు అంతే, కానీ బయటికి దారి లేక ఆ కాస్త గ్యాసే కారంతా నిండింది. అందుకే బండి తీసుకునే రోజున ప్రతి జాయింటుకూ మీ ఎదుటే సబ్బు నురుగు పరీక్ష చేయమని గట్టిగా అడగండి.

ఐదో పని: ఆర్సీ, ఇన్సూరెన్సు

బిగించినవారి ఫిట్‌మెంటు సర్టిఫికెట్టు, కిట్టు ఆమోద పత్రం, ట్యాంకు సర్టిఫికెట్టు, బిల్లు తీసుకుని, మార్పు జరిగిన 14 రోజుల లోపు ఆర్టీవోకు తెలియజేసి ఆర్సీలో ఇంధనం "పెట్రోలు, ఎల్‌పీజీ" అని నమోదు చేయించండి. ఆ వెంటనే ఇన్సూరెన్సు కంపెనీకి రాసి పాలసీలో కిట్టును చేర్పించండి. అదనపు ప్రీమియం పెద్దగా ఉండదు. పాలసీలో చేర్చని కిట్టుతో నడిపి ప్రమాదం జరిగితే క్లెయిము దగ్గర వచ్చే తగవు మాత్రం చాలా పెద్దది.

నడిపేటప్పుడు

మొదటిసారి బంకులో నింపించేటప్పుడు మీటరు చూడండి. 60 లీటర్ల ట్యాంకు 48 లీటర్ల దగ్గర ఆగాలి. అంతకు మించి పడుతూ పోతే నింపే హద్దును కాపాడే వాల్వు పనిచేయడం లేదన్నమాట. బంకులో బండి దిగి దూరంగా నిలబడండి, ఫోను వాడకండి.

గ్యాసు ఉంది కదా అని పెట్రోలు ట్యాంకును పూర్తిగా ఎండబెట్టకండి. లోపల మునిగి ఉండే పంపును చల్లబరిచేది ఆ పెట్రోలే కాబట్టి కనీసం పావు ట్యాంకు ఉంచుతూ, వారానికోసారి కొన్ని కిలోమీటర్లు పెట్రోలు మీద నడపండి. కొండదారుల్లో, నిండు లోడుతో ఎక్కువసేపు గ్యాసు మీదే లాగే బండికి ఇంజను వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నని ఖాళీని (వాల్వు క్లియరెన్సు) సర్వీసు సమయంలో చూపించాలి.

అపార్ట్‌మెంటు సెల్లారులో బండి పెట్టేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది. లీకైతే పైకి తేలిపోదు, నేల మీద పాకి గుంటల్లో, డ్రైనేజీల్లో నిలుస్తుంది. అక్కడ వాసన తగిలితే ముందుగా చేయవలసిన పని ఏ స్విచ్చునూ ముట్టుకోకపోవడం. స్టార్టరు తిప్పవద్దు, లైటు వేయవద్దు. మల్టీవాల్వు కుళాయి చేతికి అందితే కట్టేసి, వాచ్‌మన్‌నో పక్కవారినో పిలిచి, తలుపులు తెరిచిన బండిని చేతులతో తోసుకుంటూ గాలి తగిలే చోటికి తీసుకువెళ్లండి. బండి బయటపడ్డాక కూడా సెల్లారులో వాసన పూర్తిగా పోయేదాకా ఎవరినీ లోపలికి పోనివ్వకండి.