పుస్తకం మూస్తే ఏం మిగిలింది? (చదువు పాఠాలు – 3వ భాగం)

పోయిన భాగంలో ఒక చిన్న పని చెప్పాను. రోజూ చదువు ముగిశాక నోట్‌బుక్‌లో ఒక్క లైను రాయమన్నాను: ఏం చదివాను, చదివేటప్పుడు ఎలా అనిపించింది, విసుగా, భయమా, ఆసక్తా. రాయనివాళ్లు ఈ రాత్రి నుంచి మొదలుపెట్టండి, ఈరోజు పాఠానికి ఆ లైన్లే కావాలి.

తిరుపతిలో నా దగ్గరికొచ్చే డిగ్రీ, పీజీ పిల్లలు తరచూ అనే మాట ఒకటుంది: "చదివినప్పుడు అంతా వచ్చినట్టే ఉంటుంది సార్, హాల్లో కూర్చుంటే ఏమీ గుర్తురాదు." వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. పీజీలో నేనూ అంతే. బైరాగిపట్టెడ రూములో జిరాక్సు నోట్సును నాలుగు రంగుల పెన్నులతో గీసి గీసి, అంతా వచ్చేసిందన్న ధీమాతో వెళ్లి, ఒక పేపరు సప్లీ రాసుకున్నాను.

ఆ ధీమాను నమ్మొద్దు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. ఒకే పాఠాన్ని కొందరు మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి, 81 శాతం, రాసినవాళ్లకు 75. వారం ఆగి పెడితే మాత్రం చదివినవాళ్లు 42కి పడిపోయారు, రాసినవాళ్లు 56 దగ్గర నిలబడ్డారు. ఇంకో తమాషా, అదే వరుసలో చేసిన రెండో ప్రయోగంలో, మాకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకంగా చెప్పింది పదేపదే చదివినవాళ్లే!

ఇప్పుడు పని. ఒక టాపిక్ ఇరవై నిమిషాలు చదవండి, పుస్తకం మూయండి, తెల్లకాగితం మీద గుర్తొచ్చిందంతా రాయండి. మొదటిసారి అరపేజీ కూడా రాదు, గుండె ఝల్లుమంటుంది, వెంటనే పుస్తకం తెరవాలనిపిస్తుంది. తెరవకండి, ఇంకో ఐదు నిమిషాలు కూర్చోండి. తర్వాత తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో రాసుకోండి. రెండు రోజులాగి మళ్లీ మొదటినుంచి.

ఈ భయం దగ్గరే చాలామంది ఆగిపోతారు కాబట్టి దాని గురించి కొంచెం. చదువుకు సంబంధించిన భావాలు రెండు లెక్కల మీద పుడతాయని రైన్‌హార్డ్ పెక్రున్ అనే జర్మన్ మనస్తత్వవేత్త చెప్పాడు: ఇది నా చేతిలో ఉందా, ఇది నాకు ముఖ్యమా. ముఖ్యమే గానీ చేతిలో లేదనిపిస్తే టెన్షన్, దీంతో నాకేం పని అనిపిస్తే విసుగు. మీ నోట్‌బుక్ లైన్లు తీసి, ఏ రోజు ఏ లెక్క తప్పిందో చూడండి. టెన్షన్ ఉన్నచోట టాపిక్‌ను ముక్కలు చేయండి, ఒక్క ముక్క చూడకుండా రాయగలిగితే చాలు, అది మీ చేతిలోకొచ్చినట్టే.

విసుగుకు మందు వేరు. ఎకనామిక్స్‌లో డిమాండు వ్యాకోచత్వం ఉంది కదా, అంటే ధర మారితే కొనడం ఎంత మారుతుందన్న లెక్క, దాని నిర్వచనం బట్టీ పడితే రెండో రోజుకే ఆవిరి. దాన్ని మదనపల్లె టమోటాకు కట్టండి. ధర ఎంత పడినా ఇంట్లో కూరలోకి రోజుకు రెండు కిలోలు వేయం, ధర పెరిగిందని పూర్తిగా మానేయం కూడా. అందుకే పంట విరగకాసిన ఏడాది ధర మరీ కిందికి జారి, కోతకూలి కూడా రాక రైతు కాయల్ని రోడ్డు పక్కన పారబోస్తాడు. ఇది అర్థమైనవాడికి నిర్వచనం సొంతమాటల్లో వచ్చేస్తుంది. 1976లో స్వీడన్‌లో మార్టన్, సాల్యో అనే పరిశోధకులు చదువులో 'లోతు', 'పైపై' అని విడదీసింది ఈ తేడానే: ఒకడు పాఠం రాసినాయన ఏమంటున్నాడని వెతుకుతాడు, ఇంకొకడు పరీక్షలో ఏ లైను అడుగుతారో అని వెతుకుతాడు.

అలాగని బట్టీ పూర్తిగా దండగ అనను. సూత్రాలు, సంవత్సరాలు నోటికి రావాల్సిందే, ఇంటర్నల్స్ రేపే అయితే ఇంపార్టెంట్ క్వశ్చన్లే గతి, అదీ ఒప్పుకుంటాను.

ఈ వారం ఒక్క సబ్జెక్టుతోనే చేయండి, అదీ మీకు ఎక్కువ భయమున్నదానితో కాదు, మధ్యరకం దానితో. ఎర్ర పెన్ను ఎక్కువగా పడిన కాగితం ఒకటి దాచి ఉంచండి, 4వ భాగం దానితోనే మొదలవుతుంది.