కారు ఏసీ చల్లబడకపోతే: గేజులు తగిలించే ముందు, తగిలించాక

దాళ్వా కోతలు మొదలై ఎండ ముదిరేసరికి భీమవరంలోనైనా, అమలాపురంలోనైనా, రావులపాలెంలోనైనా ఏసీ షెడ్డు ముందు కార్లు బారులు తీరతాయి. వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "గ్యాస్ అయిపోయినట్టుందండి, పట్టేయండి." ఏసీ గ్యాస్ పెట్రోలు కాదు, వాడేకొద్దీ ఖర్చవడానికి. కంప్రెసర్, కండెన్సర్, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, కూలింగ్ కాయిల్, మళ్లీ కంప్రెసర్. ఈ మూసిన దారిలోనే అది తిరుగుతూ ఉంటుంది. రబ్బరు హోసుల్లోంచి, కంప్రెసర్ షాఫ్ట్ సీల్ దగ్గర ఏళ్ల మీద కాస్త కాస్త ఊరిపోవడం మామూలే. ఏటా వేసవికి పట్టించాల్సి వస్తోందంటే మాత్రం ఎక్కడో కారుతోందని అర్థం. ఆ చోటు పట్టుకోకుండా గ్యాస్ నింపితే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. అసలు గ్యాస్ సరిపడా ఉండి కూడా చల్లబడని కార్లు మన వైపు చాలానే ఉంటాయి. అందుకని గేజుల (గ్యాస్ ఒత్తిడి చూపే మీటర్ల) జోలికి పోకముందే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి.

ముందుగా తేమ సంగతి. కూలింగ్ కాయిల్ గాలిని చల్లబరచడమే కాదు, అందులోని ఆవిరిని నీళ్లుగా మార్చి దించాలి కూడా. వేసవిలో గోదావరి జిల్లాల ఉక్కలో కాయిల్ బలంలో పెద్ద వాటా ఆ నీళ్లు దించడానికే పోతుంది. హైదరాబాద్ పొడి ఎండలో గడగడలాడించిన కారే అంతర్వేది రోడ్డెక్కగానే నీరసించిందంటే అది జబ్బు కాకపోవచ్చు. లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కి, అద్దాలెత్తి, ఇంజన్‌ను 1500 ఆర్‌పీఎం దగ్గర పది నిమిషాలు ఉంచి, డ్యాష్‌బోర్డు మధ్య గ్రిల్లులో థర్మామీటర్ పెట్టండి. 7 నుంచి 12 డిగ్రీల మధ్య చూపిస్తే ఈ ఉక్కకి ఏసీ బాగున్నట్టే. ఆ బటన్ నొక్కకుండా బయటి గాలి లాక్కుంటూ ఏసీని తిట్టుకునేవాళ్లూ ఉన్నారు.

కారు కింద నీళ్లు కారడం మంచి లక్షణం. మే నెలలో అరగంట తిరిగి ఆపినా కింద చుక్క పడలేదంటే కాయిల్ చల్లబడటం లేదు, లేదా ఆ నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయింది. గొట్టం మూసుకుంటే నీళ్లు ఎడమ సీటు కాళ్ల దగ్గర మ్యాట్ మీదకొస్తాయి. కింద నుంచి గొట్టం కొస వెతికి, మెత్తటి ప్లాస్టిక్ తీగతో మెల్లగా కదిపితే బురద, ఆకు ముక్కలు జారిపోతాయి. గట్టి ఇనప తీగతో పొడిస్తే లోపలి కాయిల్‌కే చిల్లు పడుతుంది. కాయిల్ మార్చాలంటే చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి.

కండెన్సర్: డెల్టాలో అసలు దొంగ

బంపర్ వెనక, రేడియేటర్ ముందు నిలబడి ఉండే అల్యూమినియం జాలీయే కండెన్సర్. గ్యాస్ లోపల మోసుకొచ్చిన వేడిని బయటి గాలికి వదిలేది ఇదే. మన రోడ్ల మీద దీనికి పడే కష్టం ఇంకెక్కడా పడదు. కోతల రోజుల్లో రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు. దాని మీదుగా వెళ్లిన ప్రతి కారూ పొట్టు, తాలు పీల్చుకుంటుంది. యంత్రాలు కోసే చేలమధ్య నుంచి వస్తే నుసి. రాత్రి పూట వరిచేల పక్కన లైట్లకు ముసిరే పచ్చదోమ వేలాదిగా ఆ రెక్కల్లో చచ్చి, మర్నాటి ఎండకు జిగురులా గట్టిపడుతుంది. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. చెత్తంతా కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో, రెండు రెక్కల మధ్య ఇరుక్కున్న తాలుగింజల్లో ఉంటుంది. ఆ సందులోకి చిన్న టార్చి దించి ముందు నుంచి చూడండి. వెలుతురు సమంగా రాని చోటల్లా మూసుకుపోయినట్టే.

దీనికో తేలిక పరీక్ష ఉంది. నీడలో కారు ఆపి, ఇంజన్ ఐడిలింగ్‌లో ఉంచి, ఏసీ ఫుల్లుగా పెట్టి, మొక్కలకు కొట్టే చేతి స్ప్రేయర్‌తో కండెన్సర్ మీద మంచినీళ్లు తుంపరగా రెండు నిమిషాలు కొట్టండి. లోపల గాలి గబుక్కున చల్లబడిందా? అయితే అనుమానం గ్యాస్ మీద కాదు, కండెన్సర్‌కి గాలి తగలకపోవడం మీద. చెత్త అయినా ఉండాలి, ఫ్యాన్ అయినా సరిగ్గా తిరగకపోయి ఉండాలి. హైవే మీద 80లో పోతుంటే చల్లగా ఉండి, రైల్వే గేటు దగ్గర ఆగగానే వేడిగాలి కొట్టే కారుకీ ఇదే రోగం. ఏసీ వేయగానే కంప్రెసర్ క్లచ్ 'టక్' మని పట్టుకోవాలి, కొద్ది సెకన్లలో ఫ్యాన్ అందుకోవాలి. ఫ్యాన్ తిరుగుతున్నా నెమ్మదిగా తిరిగితే దాని బ్రష్‌లు అరిగాయి, లేదా రెండు స్పీడుల్లో ఒకటి పోయింది.

కడిగేటప్పుడు ఇంజన్ పూర్తిగా చల్లారాలి. సందు దొరికితే రేడియేటర్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టాలి, అంటే గాలి వచ్చిన దారికి ఎదురుగా. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది. సర్వీసింగ్ సెంటర్ ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే పల్చటి రెక్కలు పక్కకి ఒరిగిపోయి, ఆ మేర గాలి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. తోటకు నీళ్లు పెట్టే పైపు ధార చాలు. జిడ్డుగా ఉంటే తేలికపాటి షాంపూ నీళ్లు చల్లి పది నిమిషాలాగి కడగండి. బాత్‌రూమ్ యాసిడ్ తగిలితే అల్యూమినియం తినేస్తుంది. ఇంకో మాట: సముద్రం దాపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కడిగితే మట్టి పోతుంది, ఉప్పు మిగులుతుంది. ఆఖరి కడుగుడైనా మంచినీళ్లతో కానివ్వండి. పేరుపాలెం, ఓడలరేవు బీచ్‌లకు వెళ్లొచ్చిన కారుకైతే మర్నాడే మంచినీళ్ల స్నానం.

క్యాబిన్ ఫిల్టర్ సాధారణంగా గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. పది వేల కిలోమీటర్లకో, రెండు పంటల కోతలయ్యాకో మార్చేయండి. కాగితం ఫిల్టర్‌ను కడిగి ఆరబెట్టి వాడితే అట్టలా బిగిసిపోతుంది. పెట్టేటప్పుడు దాని మీది బాణం గుర్తు గాలి పోయే వైపు ఉండాలి. కొబ్బరితోటలో, గడ్డిమేటు పక్కన కారు పెట్టేవాళ్లు ఆ గూట్లో ఎలుక గూడు కట్టిందేమో చూసుకోవాలి. పీచు, గడ్డి బయటపడితే దాంతోపాటు కొరికిన వైర్లు కూడా వెతకండి.

వేసిన మొదటి నిమిషంలో తడి గోనెసంచి కంపు వస్తే కాయిల్ మీద బూజు పట్టింది. ఫోమ్ క్లీనర్ ఒకసారి పని చేస్తుంది. మళ్లీ రాకుండా ఉండాలంటే ఇంటికి చేరే మూడు నిమిషాల ముందు ఏసీ బటన్ ఆపి, బ్లోయర్ మాత్రం నడవనివ్వండి. కాయిల్ ఆరిపోతుంది.

గేజులు ఏం చెబుతాయి

ఇవన్నీ చూశాకా చల్లబడకపోతే అప్పుడు గేజులు. బానెట్ కింద ఏసీ స్టిక్కర్ చూడండి. గ్యాస్ పేరు, బరువు రెండూ దాని మీదే ఉంటాయి. మన రోడ్ల మీద ఎక్కువ కార్లు ఆర్-134ఏవి, చిన్న కార్లకు 350 నుంచి 500 గ్రాములు పడుతుంది. కొన్ని కొత్త మోడళ్లలో ఆర్-1234వైఎఫ్ వస్తోంది. దానికి వాల్వులే వేరు, రెండింటినీ కలపకూడదు. ఆర్-134ఏ కార్లలో లావు పైపు మీద 13 మిల్లీమీటర్ల వాల్వ్ లో సైడు (తక్కువ ఒత్తిడి వైపు), నీలం గొట్టం. సన్న పైపు మీద 16 మిల్లీమీటర్లది హై సైడు (ఎక్కువ ఒత్తిడి వైపు), ఎర్ర గొట్టం.

ఇంజన్ ఆపి, చల్లారాక రెండు గేజులూ ఒకే అంకె చూపాలి. 30 డిగ్రీల వేడికి సుమారు 97 పీఎస్ఐ (ఒత్తిడి కొలత), 35కి సుమారు 114. అందుకు తగ్గట్టు ఉంటే లోపల గ్యాస్ ఉందని మాత్రమే తెలుస్తుంది, ఎంత ఉందో తెలియదు. కొంచెం ద్రవం మిగిలినంతవరకూ అంకె అంతే ఉంటుంది. బాగా తక్కువుంటే దాదాపు ఖాళీ.

ఇంజన్ వేసి, తలుపులు తీసి, బ్లోయర్ ఫుల్లు, 1500 ఆర్‌పీఎం. 35 డిగ్రీల పగటి వేడిలో లో సైడు 30 నుంచి 45, హై సైడు 200 నుంచి 250 పీఎస్ఐ ఉండాలి. రెండూ తక్కువై, క్లచ్ పడుతూ లేస్తూ ఉంటే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువైతే గ్యాస్ ఎక్కువ పోశారు, లేదా కండెన్సర్ మూసుకుంది, లేదా లోపల గాలి చేరింది. లో ఎక్కువ, హై తక్కువ అయితే కంప్రెసర్ నొక్కడం లేదు, ఇక్కడ గ్యాస్ పోసి లాభం లేదు. లో సైడు సున్నాకో, ఇంకా కిందికో జారితే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ గానీ డ్రయర్ గానీ అడ్డుకుంది. మొదట్లో బాగా చల్లబడి, పావుగంటకు ఆగిపోయి, కాసేపు ఆపి వేస్తే మళ్లీ చల్లబడితే లోపల తేమ వాల్వ్ దగ్గర మంచు కట్టి ఉంటుంది, లేదా కాయిల్ చల్లదనం చూసే సెన్సర్ పోయి కాయిలే గడ్డకట్టి ఉంటుంది.

లీకు పట్టడం

గ్యాస్ కారిన చోట నూనె కూడా చెమ్మగా బయటికొస్తుంది, దానికి దుమ్ము అంటి నల్లటి మరక పడుతుంది. ముందు ఆ మరకలు వెతకండి: కంప్రెసర్ ముక్కు దగ్గర, పైపు జాయింట్ల దగ్గర, కండెన్సర్ కింది అంచున. తీరం దాపు కార్లలో పైపును పట్టి ఉంచే క్లిప్పుల కింద తెల్లటి పొడి పేరుకుంటుంది. ఉప్పుకి అల్యూమినియం కుళ్లే చోటు అదే. సర్వీస్ వాల్వ్ మూత తీసి సబ్బునురగ పెట్టండి. బుడగ లేస్తే లోపలి పిన్ మారిస్తే సరి. మూతలే లేని కార్లు బోలెడు కనిపిస్తాయి. ఆ మూత దుమ్ము కోసమే కాదు, లీకుకు రెండో కాపలా కూడా.

కనపడకపోతే లోపలి గ్యాస్ అంతా రికవరీ యంత్రంలోకి తీసేసి, నైట్రోజన్ 150 పీఎస్ఐ వరకు ఎక్కించి, అంకె రాసుకుని రెండు గంటలు వదలాలి. పది డిగ్రీలు చల్లబడితేనే అయిదు పీఎస్ఐ దాకా తగ్గుతుంది. దాన్ని లీకనుకోకండి. వెల్డింగ్ ఆక్సిజన్ సిలిండర్ మాత్రం ఎవరు చెప్పినా వాడొద్దు. నూనెతో కలిస్తే పేలుతుంది. పంక్చర్ షాపు గాలి కొడితే తేమంతా లోపలికే.

నింపే పద్ధతి

పైపు విప్పితే జాయింట్లో ఉండే పాత ఓ-రింగ్ మళ్లీ వేయకూడదు. ఆకుపచ్చ హెచ్‌ఎన్‌బీఆర్ రబ్బరు రింగు, పైన ఏసీ నూనె తడి. సిస్టమ్ తెరిచి ఉంచితే డ్రయర్ మార్చాలి. దానిలోని గుళికలు మన గాలిలో తేమను ఇట్టే తాగేస్తాయి. కండెన్సర్ మారిస్తే దాదాపు 30 మిల్లీలీటర్ల నూనె కలపాలి, కాయిల్‌కి 50 వరకు. కారు పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి. ఏసీ నూనెలో పీఏజీ 46, పీఏజీ 100 వేరువేరు చిక్కదనాలు, స్టిక్కర్ మీదున్నదే వాడాలి. మూత తీసిన నూనె డబ్బా వారం బల్ల మీద ఉంటే గాలిలో తేమ పీల్చి పాడైపోతుంది.

తర్వాత వ్యాక్యూమ్, అంటే పంపుతో లోపలి గాలి, తేమ లాగేయడం. ఇది పది నిమిషాల్లో ముగిసే పని కాదు. 30 డిగ్రీల దగ్గర లోపలి నీళ్లు మరిగి ఆవిరై బయటికి రావాలంటే గేజు 29 అంగుళాల (పాదరసం కొలత) వ్యాక్యూమ్‌కు చేరాలి. 28 దగ్గర ఆగితే నీళ్లు లోపలే ఉంటాయి. చేరాక 45 నిమిషాలు, సిస్టమ్ చాలాసేపు తెరిచి ఉంటే గంట. పంపు ఆపి, వాల్వులు మూసి 20 నిమిషాలు చూడండి. ముల్లు కొంచెం లేచి ఆగిపోతే తేమ మిగిలింది, పంపు మళ్లీ నడపాలి. ఆగకుండా లేస్తూ పోతే లీకు, వెనక్కి వెళ్లాల్సిందే.

గ్యాస్ తూకంతోనే పోయాలి, గేజు ముల్లు చూసి కాదు. గ్యాస్ డబ్బాని ఒక గ్రాము తేడా చూపే కాటా మీద పెట్టండి. డబ్బాకి తగిలించిన పసుపు గొట్టంలోని గాలిని ఒక్క క్షణం బయటికి వదిలేయండి. ఇంజన్ ఆపి ఉండగా, డబ్బా తలకిందులు చేసి హై సైడు నుంచి ద్రవంగా ఎంత లాగితే అంత లాగనివ్వండి. ఎర్ర వాల్వ్ గట్టిగా మూసి, అప్పుడే ఇంజన్ వేయండి. మిగిలింది డబ్బా నిలువుగా పెట్టి, లో సైడు నుంచి ఆవిరిగా. ఇంజన్ నడుస్తుండగా ఎర్ర వాల్వ్ తెరిస్తే 200 పీఎస్ఐ డబ్బాలోకి ఎదురొచ్చి డబ్బా పేలుతుంది. ఎక్కడం నెమ్మదిస్తే డబ్బాని గోరువెచ్చటి నీళ్లలో పెట్టండి, మంట చూపొద్దు. కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి. ఈ ద్రవం -26 డిగ్రీలకే మరుగుతుంది, చేతి మీద పడితే కాలినట్టు బొబ్బ లేస్తుంది.

స్టిక్కర్ మీద 450 అని ఉంటే 450. "ఇంకో వంద వేస్తే ఇంకా చల్లగా ఉంటుంది" అనే మాట తప్పు. ఎక్కువైన ద్రవం కండెన్సర్‌లో చోటు ఆక్రమించి హై సైడు పెంచుతుంది, చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద బరువు పడుతుంది. చవగ్గా దొరికే పేరులేని డబ్బాలతో, వంటగ్యాస్‌తో పట్టేవాళ్లతో జాగ్రత్త. కాయిల్ లీకైతే అది కారు లోపలికే వస్తుంది, నిప్పురవ్వ చాలు. డబ్బాని నీడలో గంట ఉంచి గేజు పెడితే 30 డిగ్రీలకు 97 దగ్గర చూపాలి. తేడా ఉంటే కల్తీ. సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు. లీకు మూసే మందు అమ్మే డబ్బాలూ వద్దు, అది వాల్వ్‌నీ, షెడ్డువాళ్ల యంత్రాన్నీ కూడా మూసేస్తుంది.

షెడ్డులో పట్టించేవాళ్లు మూడు అడగండి: ఎన్ని గ్రాములు బయటికి తీశారు, వ్యాక్యూమ్ ఎంతసేపు పెట్టారు, ఎన్ని గ్రాములు పోశారు. తీసినది స్టిక్కర్ కంటే బాగా తక్కువైతే లీకు ఎక్కడో చూపించాకే బిల్లు.

చలికాలంలోనూ వారానికోసారి పది నిమిషాలు ఏసీ వేయండి. నూనె తిరక్కపోతే షాఫ్ట్ సీల్ ఎండిపోయి, మార్చిలో లీకై కూర్చుంటుంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లకు మాత్రం ఈ పద్ధతిలో చేయి పెట్టొద్దు. వాటి కంప్రెసర్ నారింజ రంగు వైర్ల మీద వందల వోల్టులతో తిరుగుతుంది. ఎక్కువ మోడళ్లకు పీఓఈ అనే వేరే రకం నూనె పడుతుంది, ముందు కారుకు వాడిన గొట్టంలో మిగిలిన పీఏజీ నూనె కాస్త కలిసినా కరెంటు లీకై బండి ఆగిపోతుంది. ఆ కార్లకు విడిగా గొట్టాలు పెట్టుకున్న షెడ్డుకే వెళ్లండి.