ఇటలీలో చవక విమానం ఎక్కడం ఎలా? ముందు సంచి కొలవండి

మా అమ్మాయి టురిన్‌లో చదువుకోవడానికి వెళ్లినప్పటి నుంచి నేను ఇటలీకి నాలుగుసార్లు వెళ్లొచ్చాను. ఆ సంగతి తెలిసి చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. "మిలాన్ నుంచి సిసిలీకి 20 యూరోలేనట, బుక్ చేసేశాం" అంటారు. చేసేశాకే చెబుతారు, అదే నా బాధ. 20 యూరోల టికెట్ అబద్ధం కాదు, నేనూ అంతకే వెళ్లాను. కాకపోతే ఆ 20 యూరోలు మనిషికి మాత్రమే. పెట్టెకి కాదు.

వీసా, పెద్ద టికెట్

వీసా గురించి ఎక్కువ చెప్పను. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. పెద్దవాళ్లకి రుసుము 90 యూరోలు, వీసా కేంద్రం వాళ్ల ఛార్జీ దాని మీద అదనం. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ప్రయాణ బీమా కావాలి. వీసా చేతికి రాకముందు ఇటలీ లోపలి చవక టికెట్లు కొనకండి. వీసా రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు.

టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే ఉండాలి. మనవాళ్లు ఇంటిపేరు ముందు రాసే అలవాటు కొద్దీ గడులు తారుమారు చేస్తారు. పాస్‌పోర్టు తెరిచి పక్కన పెట్టుకుని టైపు చేయండి.

హైదరాబాద్ నుంచి దుబాయో దోహానో ఫ్రాంక్‌ఫర్టో, ఎక్కడో ఒకచోట విమానం మారాల్సిందే. ఆ రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఒకే టికెట్ అయినప్పుడు వాళ్లే ఇంకోటి ఎక్కిస్తారు. విడివిడిగా కొంటే ఎవరూ పలకరు. 4 వేలు మిగుల్తాయని లండన్ మీదుగా విడి టికెట్లు కొన్నవాళ్లని చూశాను. అక్కడ బయటికొచ్చి మళ్లీ చెకిన్ కావాలంటే బ్రిటన్ వీసా ఉండాలి, ఇటలీకి తీసుకున్న షెంగెన్ వీసా (ఐరోపాలో చాలా దేశాలకి ఉమ్మడిగా ఇచ్చేది) పనికిరాదు.

ఇంకో మాట. వెళ్లేది మిలాన్‌కి, తిరిగొచ్చేది రోమ్ నుంచి తీసుకోండి. బుకింగ్ చేసేటప్పుడు 'మల్టీ సిటీ' అని ఉంటుంది, అది నొక్కితే చాలు. దిగిన ఊరికే మళ్లీ వెనక్కి పోవడం దండగ.

ఎక్కడ విమానం, ఎక్కడ రైలు

మిలాన్ నుంచి రోమ్‌కి విమానం ఎక్కకండి. హైస్పీడు రైల్లో మూడు గంటలు, ఊరి మధ్యలో ఎక్కి ఊరి మధ్యలో దిగుతాం. రోమ్ నుంచి నేపుల్స్‌కి గంటా పది నిమిషాలు. ఈ దారుల్లో ప్రభుత్వ సంస్థ త్రెనితాలియా, ప్రైవేటు సంస్థ ఇతాలో పోటీపడి నడుపుతాయి కాబట్టి ముందుగా కొంటే ధర బాగా తక్కువ. విమానం ఎక్కాల్సింది సిసిలీ, సార్డీనియా దీవులకి, దక్షిణాన బారి, బ్రిందిసి ఊళ్లకి. అంతే.

సిసిలీకి రైలు కూడా ఉందండోయ్. ఇటలీ కొసన విల్లా సాన్ జొవాన్నిలో రైలుపెట్టెల్ని ఓడలోకి ఎక్కించి, మెస్సీనా జలసంధి దాటించి, అవతల మళ్లీ పట్టాల మీద పెడతారు. ఒకసారి చూడాల్సిందే. కానీ రోజంతా పడుతుంది. మిలాన్ నుంచి సిసిలీలోని కతానియాకి విమానం రెండు గంటల లోపే.

ఊరిపేరు చూసి మోసపోవద్దు. 'మిలాన్ బెర్గమో' అంటే బెర్గమో అనే వేరే ఊరి విమానాశ్రయం. అక్కణ్ణుంచి మిలాన్ సెంట్రల్ స్టేషనుకి బస్సులో సుమారు గంట. 'వెనిస్ ట్రెవిజో' కూడా అలాంటిదే, వెనిస్‌కి 30 కిలోమీటర్ల పైనే దూరం. మిలాన్‌కే ఉన్న ఇంకో విమానాశ్రయం మల్పెన్సా దగ్గరా అంటే, అదీ 50 కిలోమీటర్ల దూరమే, కాకపోతే రైలుంది. మిలాన్ ఊరిని ఆనుకునే ఉన్న విమానాశ్రయం లినాతె. బస్సు ఖర్చు కలిపాకే ఏది చవకో తేల్చుకోండి.

ఇక సంచి

ఇక్కడే అందరూ బోర్లా పడతారు. తీరిగ్గా చదవండి.

మనకి బరువు లెక్క అలవాటు. చేతిసంచి 7 కిలోలు, చెకిన్ 15 కిలోలు అని ఇంట్లో కాటా మీద పెట్టి తూస్తాం. అక్కడి చవక విమానాల్లో ఉచిత సంచికి ముందు చూసేది బరువు కాదు, కొలత. ర్యాన్ఎయిర్, విజ్ ఎయిర్ రెండింట్లోనూ 40 సెంటీమీటర్ల ఎత్తు, 30 వెడల్పు, 20 మందం. ఈజీజెట్ కాస్త ఉదారం: 45, 36, 20. ఆ సంచి ముందు సీటు కింద పట్టాలి. మనం క్యాబిన్ పెట్టె అని పిలిచే చక్రాల పెట్టె ఉచితం కాదు, దానికి విడిగా డబ్బు కట్టాలి. బుక్ చేసేటప్పుడే కడితే ఒక ధర, విమానాశ్రయంలో అయితే ఇంకో ధర, గేటు దగ్గర పట్టుబడితే టికెట్‌కి కొన్ని రెట్లు.

మా తోడికోడలికి ఇదంతా చెప్పాను. "పట్టేస్తుందిలే అక్కా, మన దగ్గర ఎవరడుగుతారు" అంది. గేటు దగ్గర ఇనుప చట్రం ఉంటుంది, అందులో పెట్టమన్నారు. సంచి దిగింది, చక్రాలు దిగలేదు. రెండు వేళ్ల ఎత్తు. ఆ రెండు వేళ్లకి కార్డు గీకాల్సి వచ్చింది. కతానియాలో దిగేదాకా నాతో మాట్లాడలేదు, నేనేదో చట్రం కట్టినట్టు!

కాబట్టి ఇలా చేయండి. ఇంట్లో ఉన్న అట్టపెట్టెని కోసి, టేపు అంటించి, లోపల సరిగ్గా 40, 30, 20 వచ్చేలా పెట్టె చేయండి. బట్టలు సర్దాక సంచిని అందులోకి దింపండి. ఖాళీ సంచిని కొలిచి లాభం లేదు, నిండాక పొట్ట వస్తుంది. చక్రాలు, పిడి, ముందు జేబులో కుక్కిన ఛార్జరు, అన్నీ కొలతలోకే వస్తాయి. రెండు చేతులతో నొక్కితే గానీ దిగకపోతే, ఒక జత బట్టలు తీసేయండి. నెమ్మదిగా వదిలితే జారి పడాలి.

చక్రాల సంచి కొననే కొనకండి. పిల్లల కాలేజీ బ్యాగు లాంటి మెత్తని వీపుసంచి ఒక్కటే సరైనది. గట్టి డొక్క ఉన్న పెట్టె నలగదు, సర్దుకోదు. "చిన్న చక్రాలవి కూడా వచ్చాయి కదా" అంటారు కొందరు. వచ్చాయి. ఇటలీ పాత ఊళ్లలో రాళ్లు పరిచిన వీధుల్లో వాటిని లాగి చూడండి, తర్వాత మాట్లాడదాం.

విడి హ్యాండ్‌బ్యాగు రెండో సంచి కిందే లెక్క. పాస్‌పోర్టు, ఫోను చిన్న పర్సులో పెట్టి, ఆ పర్సుని సంచిలోనే వేసేయండి. స్వెట్టరు, కోటు ఒంటి మీద వేసుకుని ఎక్కండి, ఒంటి మీద ఉన్నదాన్ని ఎవరూ కొలవరు. నేను మూడు రోజులకి రెండు కుర్తీలు, ఒక ప్యాంటు, లోదుస్తులు చుట్టగా చుట్టి పెట్టుకుంటాను. చీర పెట్టుకోను. అక్కడెవరూ మన చీర మళ్లీ కట్టామా అని చూడరు.

మరి హైదరాబాద్ నుంచి తెచ్చిన పెద్ద సూట్‌కేసు? దాన్ని వెంట తిప్పొద్దు. తిరిగి అదే హోటలుకి వస్తుంటే వాళ్లని అడగండి, చాలామంది ఉంచుతారు. లేదంటే పెద్ద స్టేషన్లలో లగేజీ దాచే కౌంటరు ఉంటుంది, రోమ్ టెర్మినీలోనూ ఉంది. మూడు రోజులు దాచినా, విమానంలో పెట్టెకి రానూ పోనూ కట్టేదానికంటే నాకు తక్కువే పడింది.

వచ్చేటప్పుడే అసలు ప్రమాదం. సిసిలీలో ఎట్నా కొండ పక్కన బ్రోంతె అనే ఊరి పిస్తాలు ప్రసిద్ధి. ఆ పిస్తా క్రీము సీసా కొనని మనిషి లేడు. సంచి ఉబ్బుతుంది సరే, 100 మిల్లీలీటర్లు దాటిన క్రీముని చాలా విమానాశ్రయాల్లో భద్రతా తనిఖీలో ద్రవం కిందే లెక్కగట్టి తీసేసుకుంటారు. ఆవకాయకీ ఇదే సూత్రం. అన్నట్టు, ఇండియా నుంచి వెళ్లేటప్పుడు నెయ్యి చెకిన్ పెట్టెలో కూడా వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం ఐరోపా సమాఖ్యలోకి తేకూడదు. పిస్తా పలుకులు కొనుక్కోండి, వాటినెవరూ ఆపరు.

చెకిన్, వీసా తనిఖీ

ఆన్‌లైన్ చెకిన్ మీరే చేసుకోవాలి. ర్యాన్ఎయిర్‌లో సీటు కొనకపోతే అది బయల్దేరడానికి 24 గంటల ముందు తెరుచుకుని 2 గంటల ముందు మూసుకుంటుంది. మర్చిపోయి కౌంటరుకి వెళితే మామూలుగా మనిషికి 55 యూరోలు. అలారం పెట్టుకోండి. సీటు కొనకండి, రెండు గంటలు విడిగా కూర్చుంటే కాపురాలేం కూలిపోవు.

మనది భారతీయ పాస్‌పోర్టు కాబట్టి ఇంకో మెలిక. బోర్డింగ్ పాస్ మీద పత్రాల తనిఖీ అనో 'వీసా చెక్' అనో ఉంటే, భద్రతా తనిఖీకి ముందే ఆ సంస్థ కౌంటరులో పాస్‌పోర్టు, వీసా చూపించాలి. నేరుగా గేటుకి పోతే వెనక్కి పంపుతారు. ఈ ఒక్క వరసకే నేను అరగంట ఎక్కువ పెట్టుకుంటాను.

చివరి విమానం

సిసిలీ నుంచి వచ్చే విమానాన్నీ, ఇండియాకి వెళ్లే విమానాన్నీ ఒకేరోజు పెట్టుకోవద్దు. అవి విడి టికెట్లు. మధ్యలో ఒక రాత్రి ఉండాలి. ఇటలీలో సమ్మెలు మామూలే, 'షోపెరో' అంటారు. తేదీలు ముందే ప్రకటిస్తారు, వారం ముందు ఓసారి వెతకండి. సమ్మె రోజున కూడా ఉదయం 7 నుంచి 10 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా విమానాలు నడపాలన్నది అక్కడి నియమం. అందుకే నేను ఎప్పుడూ పొద్దున ఎనిమిదింటి విమానమే తీసుకుంటాను. మా తోడికోడలు మధ్యాహ్నానిది తీసుకుంది, నిద్ర చాలదట.